స్ప్రింగుల పెట్టె

ఎడమ చేతి వేళ్ళు రెండు పడవ మీది వించిలో పోయాక, కట్టు ఇంకా విప్పకముందే, మారిన్ తన గిటార్ తెచ్చి నా ఒళ్ళో పడేశాడు. ఇచ్చాడు అనడానికి లేదు, పడేశాడు.

"నీకు తంబురిత్సా వచ్చుగా. ఇదీ తీగలే. నేర్చుకోవే వింకా," అన్నాడు.

"నేనెందుకు?"

"రూబెన్ నా తల తింటున్నాడు. ఆగస్టు ఆఖరి శనివారం హాలు మన బ్యాండుకిచ్చారు. నేనా, వాయించలేను. ఇంకెవడినైనా తెస్తే నా పాటలు ఖూనీ చేస్తాడు. నువ్వైతే తిట్టినా పడుంటావు."

"పడుంటానని ఎవడు చెప్పాడ్రా నీకు?"

వాడు పొయ్యి దగ్గరికెళ్ళి మా అమ్మ వండిన చేపల పులుసు గిన్నెలోంచే తిన్నాడు, కుడి చేత్తో. కట్టు కట్టిన చెయ్యి మాత్రం వీపు వెనక దాచుకున్నాడు. ఆ ఎండాకాలమంతా ఆ చెయ్యి ఎప్పుడూ వెనకే ఉండేది.

మారిన్ మా పెదనాన్న కొడుకు. నాకూ వాడికీ నెలల తేడా, ఇద్దరికీ అప్పుడు పంతొమ్మిదేళ్ళు. శాన్ పెడ్రో రేవులో మావాళ్ళందరూ సముద్రాల అవతల దాల్మేషియా తీరం నుంచి వచ్చి పడ్డ చేపలవాళ్ళే. మగవాళ్ళు పడవల మీద, ఆడవాళ్ళు చేపల్ని డబ్బాల్లో పెట్టే ఫ్యాక్టరీలో. మారిన్ కూడా వాళ్ళ నాన్న పడవ మీదే వల లాగేవాడు, శనివారాలు గిటార్ వాయించేవాడు. ఆ రోజుల్లో దక్షిణ కాలిఫోర్నియా తీరం పొడుగునా కుర్రకారుకి ఒకటే పిచ్చి, పొద్దున అలల మీద సర్ఫింగు పలక వేసుకుని తేలడం, సాయంత్రం ఆ అలల్లా మోగే గిటార్ కోసం ఏదో ఒక హాల్లో దూరడం. మారిన్‌కి పలక మీద నిలబడటం రాదు. వాడు వాయించినట్టు వాయించడం మాత్రం మా రేవులో ఇంకెవరికీ రాదు.

వాడు కట్టిన పాటలన్నిటిలోకీ వేగమైనదానికి 'వించి' అని పేరు పెట్టాడు. పడవ మీద వల తాడు చుట్టే వించి మొదట గుర్రుమని, తర్వాత ఆగకుండా తిరుగుతుందే, అలా ఉంటుందా పాట. జూన్‌లో ఆ వించే వాడి వేళ్ళు లాక్కుంది. పేరు వాడుకున్నందుకు దానికి కోపమొచ్చిందేమోనని రూబెన్ అన్నాడు. రూబెన్ బ్యాండులో డ్రమ్ములు వాయిస్తాడు, నోటికి అడ్డూ ఆపూ ఉండదు. ఆ మాటకి ఎవరూ నవ్వలేదు, మారిన్ ఒక్కడే నవ్వాడు.

నేనెందుకు ఒప్పుకున్నానంటే, నాకు కావాలి గనుక. వాడు వాయిస్తుంటే హాల్లో అందరితోపాటు గంతులేసినదాన్నే, కానీ నా చూపంతా వాడి చేతుల మీదే ఉండేది. ఆదివారాలు చర్చి హాల్లో తాతయ్య నడిపే తంబురిత్సా మేళంలో చిన్నప్పటినుంచీ ఉన్నాను. మాండలిన్‌కి చుట్టం లాంటి ఆ వాయిద్యం మీద పెళ్ళిళ్ళకీ పండగలకీ అవే పాటలు వాయించి వాయించి విసుగెత్తింది. వాడి వేళ్ళు పోయినందుకు ఏడ్చాను, గిటార్ నా ఒళ్ళో పడినందుకు సంతోషించాను. ఏడుపూ సంతోషం రెండూ ఒకే రోజు.

పాఠాలు పెదనాన్న వలల షెడ్డులో. కాలు పెట్టడానికి నేల కనపడదు, పాత వలలు మోకాలెత్తున పరిచి ఉంటాయి, వాటి మీదే కూర్చోవాలి. మూల యాంప్లిఫయరు, దాని పక్కన వలల మీద ఒక నల్ల పెట్టె.

"ఆ పెట్టె మీద చెయ్యి పడిందో, చంపేస్తా," అన్నాడు మొదటి రోజే.

ఆ పెట్టె లోపల పొడవాటి స్ప్రింగులు వేలాడుతుంటాయి. గిటార్ శబ్దం వాటిగుండా వెళ్ళి బయటికొచ్చేసరికి తడిసి వస్తుంది. ఒక్క తీగ మీటితే చాలు, నీళ్ళు చిమ్మినట్టుంటుంది. ఆ తడి లేకపోతే అసలిది ఈ సంగీతమే కాదు. పెట్టెని ఎవరైనా కదిపారా, స్ప్రింగులు ఒకదానికొకటి కొట్టుకుని పిడుగు పడ్డంత చప్పుడు. ఒకసారి నా మోచెయ్యి తగిలి ఆ చప్పుడుకి షెడ్డు కప్పు మీది పావురాలన్నీ లేచిపోయాయి.

"అది లేకుండా పొడిగా వాయించు. పొడిగా బాగుంటే తడిగా ఇంకా బాగుంటుంది. పొడిగా చెత్తగా ఉంటే తడి దాన్ని దాస్తుంది, అంతే. నాకు దాచినవి వద్దు," అన్నాడు.

తీగలు చూసి నేను హడలిపోయాను. తంబురిత్సా తీగలు వీటి ముందు వెంట్రుకలు. లావు తీగ మీద వేలు నొక్కి పట్టేసరికి మొదటి వారం వేళ్ళ కొనలు బొబ్బలెక్కాయి. ఫ్యాక్టరీలో ట్యూనా శుభ్రం చేస్తుంటే ఉప్పునీళ్ళు తగిలి ప్రాణం పోయేది. మా పక్క బల్ల దగ్గర పనిచేసే లూత్సె అత్త నా చేతులు చూసి, "ఏమే, చేపలు నిన్ను కొరుకుతున్నాయా?" అంది.

ఎలా వినపడాలో వాడు నోటితో చెప్పలేకపోయేవాడు. చూపించడానికేమో ఎడమ చెయ్యి లేదు. చివరికొకరోజు విసిగిపోయి నా వెనక కూర్చుని, "ఎడమ చెయ్యి నువ్వు పెట్టు. కుడి చెయ్యి నేను," అన్నాడు. ఒకటే గిటార్, తీగలు నొక్కేది నేను, మీటేది వాడు. మొదట్లో వాడు మీటే చోటికి నా వేలు చేరేది కాదు. కాసేపటికి చేరింది. 'వించి' పాటలో మొదటి సగం అలా ఇద్దరం కలిసి వాయించాం. నా వేళ్ళ కింద వాడి పాట మోగుతోంది. వెనక్కి తిరిగి చూద్దామనుకున్నాను కానీ చూడలేదు. వాడు ఏడుపు ఆపుకుంటున్నవాడిలా ఊపిరి తీస్తున్నాడు.

"ఇంక చాలు. రేపటినుంచి రెండు చేతులూ నీవే," అని లేచి వెళ్ళిపోయాడు.

నా కుడి చెయ్యే అసలు గొడవ. తంబురిత్సాలో స్వరాన్ని నిలబెట్టాలంటే తీగ మీటే పిక్‌ని పైకీ కిందికీ వణికిస్తాం. ఎన్నిసార్లు వణికిందని ఎవరూ లెక్కపెట్టరు, ఎంత మెత్తగా వణికితే అంత గొప్ప. నేను అదే చేశాను. తాతయ్య వింటే ముద్దు పెట్టుకునేవాడు.

మారిన్ మాత్రం చెవులు మూసుకున్నాడు. "ఏంటా ఏడుపు? ఎవరి పెళ్ళే ఇది?"

"వేగంగానే ఉందిగా!"

"వేగం ఎవడిక్కావాలి? లెక్క కావాలి. డ్రమ్ము ఒక్క దెబ్బ కొట్టేలోపు నీ పిక్ నాలుగుసార్లు పడాలి. మూడున్నర కాదు, నాలుగున్నర కాదు. నీది నెయ్యి కారుతున్నట్టుంది. నాకు మేకులు దిగినట్టుండాలి."

"నువ్వూ తాతయ్య మేళంలో పెరిగినవాడివేగా. నీకా అలవాటెలా పోయింది?"

"ఏడాది పట్టింది. నీకు ఏడాది లేదు. కాళ్ళు వాడు."

కాళ్ళంటే, ఈ పాటలకి జనం వేసే చిందే. ఎడమ కాలితో రెండుసార్లు, కుడి కాలితో రెండుసార్లు నేలని బాదడం తప్ప అందులో ఇంకేం లేదు. వలలు పక్కకి లాగి, కాస్త నేల ఖాళీ చేసి, నన్ను నిలబెట్టి, కాళ్ళతో బాదుతూ వాయించమన్నాడు. కాలు పడ్డప్పుడు పిక్ కింది దెబ్బ పడాలి. పడకపోతే మళ్ళీ మొదటినుంచి. ఫ్యాక్టరీలో బల్ల కింద కాళ్ళు బాదుతూ, పైన కత్తితో చేప గీకుతూ అదే లెక్క చూసుకునేదాన్ని. మేస్త్రీ వచ్చి, "వింకా, బాత్రూముకి వెళ్ళాలంటే అడుగు, సిగ్గెందుకు?" అన్నాడు. బల్ల చుట్టూ ఆడవాళ్ళంతా ఒకటే నవ్వు.

ఆగస్టు మధ్యలో ఒకరోజు చేతికి లెక్క దొరికింది. ఎలా దొరికిందో చెప్పలేను. మారిన్ వంగి నల్ల పెట్టె మీట నొక్కి, "మళ్ళీ వాయించు," అన్నాడు. తడి వచ్చింది. ఆ షెడ్డు, వలల తారు కంపు, ఫ్యాక్టరీ, అన్నీ ఎటో పోయాయి. నేను నవ్వుతున్నాను, ఏడుస్తున్నాను కూడా. వాడు తలుపు దగ్గరికెళ్ళి సిగరెట్టు ముట్టించుకుని రేవు వైపు చూస్తూ నిలబడ్డాడు.

తర్వాత బ్యాండు మొత్తం వచ్చి షెడ్డులోనే సాధన చేశాం. రూబెన్, బాసు వాయించే గ్లెన్, నేను, అంతే ముగ్గురం. రూబెన్ నన్ను ఎగాదిగా చూసి, "గౌను వేసుకున్న మారిన్‌లా ఉన్నావు," అన్నాడు. వాడి నోట్లోంచి అంతకన్నా మెచ్చుకోలు రాదు.

"శనివారం ఎన్నింటికొస్తావు?" అని మారిన్‌ని అడిగాను.

"నేను రాను."

"అదేంటి?"

"నేర్పుతానన్నాను. వస్తానన్లేదు."

ఎంత బతిమాలినా అదే మాట. సెప్టెంబరులో అలాస్కా వెళ్ళే పడవ ఎక్కుతానని, గిటార్ ఇంక నన్నే ఉంచుకోమని అన్నాడు. పెద్దమ్మ ఏడ్చింది. నాకు భయమేసింది. ఆ శనివారం నేను నవ్వులపాలైతే వాడి పాటలు నాతోపాటే చస్తాయి. బాగా వాయిస్తేనేమో వాడు లేకుండానే బతుకుతాయి, అప్పుడు వాడికిక్కడ పనేముంటుంది? ఏది జరిగినా వాడు పోయేట్టే ఉన్నాడు.

శనివారం ఇంకా వెలుగుండగానే హాలు నిండింది. అది మా జాలర్ల హాలు. కింద అంతా పాత చెక్క నేల, ఆ చెక్కే కాస్త ఎత్తు చేసి వేదిక. ఎండకి జుట్టు తెల్లబడ్డ కుర్రాళ్ళు, తోలు చెప్పులవాళ్ళు, చెప్పుల్లేనివాళ్ళు. హాలు చూసుకునే బార్బా షిమె తలుపు దగ్గర నిలబడి, "జనం తగ్గారో, వచ్చే వారం నుంచి బింగో ఆడిస్తాను, ముందే చెప్తున్నా," అన్నాడు. ఆయన ఏ సంగతైనా ముందే చెప్తాడు.

"మారిన్ ఏడీ?" అని ముందు వరసలోంచి ఒకడు అరిచాడు.

"ఇదిగో, జడ వేసుకున్నాడు," అన్నాడు ఇంకొకడు.

పెట్టెని యాంప్లిఫయరు మీద జాగ్రత్తగా పెట్టి మొదటి పాట ఎత్తుకున్నాను. లెక్క తప్పలేదు. జనం చెవులు రిక్కించారు, ఆ తర్వాత కాళ్ళు కదిలాయి. అన్ని కాళ్ళూ ఒక్కసారి నేలని బాదేసరికి వేదిక అదిరింది, వేదికతోపాటు పెట్టె, పెట్టెలో స్ప్రింగులు. పిడుగు పడింది. మళ్ళీ కాళ్ళు, మళ్ళీ పిడుగు. ప్రతి దెబ్బకీ ఆ చప్పుడే, దాని కింద నా గిటార్ వినపడితే ఒట్టు. రూబెన్ కళ్ళు పెద్దవి చేసి నన్ను చూశాడు. నేనేం చెయ్యను? ఆపడానికి లేదు. అదే చప్పుడు మధ్య పాట ముగించాను.

పెట్టెని కుర్చీ మీద పెట్టాం. అంతే. గ్లెన్ కోటు విప్పి దాని కింద మడిచాడు. అయినా అంతే. మీట కట్టేసి పొడిగా వాయించబోతే, "ఎవరి పెళ్ళి?" అని కేకేశారు. షెడ్డులో మారిన్ అన్న మాటే, ఇప్పుడు హాలంతా అంటోంది. కొందరు బయటికి నడిచారు. బార్బా షిమె గోడకానించిన బింగో బల్లల వైపు చూస్తున్నాడు.

"ఇదే హాల్లో మారిన్ వాయించేవాడుగా, ఇలా ఎప్పుడూ అవలేదే," అన్నాను రూబెన్‌తో.

"వాడు ప్రతిసారీ ఒక గంగాళం మోసుకొచ్చి వెనకాల పెట్టేవాడు. అందులో ఏముందో నేను చూడలేదు. బీరనుకున్నా."

గంగాళం. ఆ మాట నాతో వాడెప్పుడూ అనలేదు. ఇప్పుడే వస్తామని జనానికి చెప్పమని గ్లెన్‌కి అప్పగించి, వెనక తలుపులోంచి బయటపడ్డాను, ఇంటికి పరిగెత్తుదామని. అంత దూరం వెళ్ళక్కర్లేకపోయింది. వీధికి అవతల పెదనాన్న ట్రక్కు ఉంది. అద్దం దించి ఉంది. లోపల మారిన్.

"రానన్నావుగా?"

"రాలేదుగా. ట్రక్కులో ఉన్నా."

"గంగాళం సంగతేంటి?"

వాడు కాసేపు స్టీరింగు మీద వేళ్ళు ఆడించాడు. "దాన్నిండా పాత వల కుక్కి, పైన పెట్టె పెట్టేవాణ్ణి. వల అదురంతా తాగేస్తుంది."

"నాకెందుకు చెప్పలేదు? మర్చిపోయావా?"

"మర్చిపోలేదు."

కారణం వాడే చెప్పాడు. "అన్నీ ఇచ్చేశాను నీకు. వించి ఇచ్చాను. ఆ ఒక్కటీ ఉంచుకుందామనిపించింది. నేను లేకపోతే హాల్లో ఏదో తేడా తెలియాలిగా. తెలిసింది. ఇక్కడ కూర్చుని విన్నా. బాగుంటుందనుకున్నా." అప్పుడు నా వైపు చూశాడు. "ఏం బాగాలేదే."

వాడి చెంప పగలగొట్టాలనిపించింది. పోయిన వేళ్ళు చూసి ఆగానని చెప్తే అబద్ధమవుతుంది, టైం లేక ఆగాను.

"గంగాళం ఎక్కడుంది?"

"షెడ్డులో. వల మాత్రం నాన్న పడవెక్కించేశాడు. ఇంకో వల కోసి కుక్కాలంటే గంట."

"గంటలో అక్కడ బింగో మొదలవుతుంది. నీ వల్లే ఇదంతా. నువ్వే చూడు."

నా కాళ్ళు నన్ను తీసుకుని లోపలికెళ్ళిపోయాయి. వెనక్కి తిరిగి చూడలేదు. ట్రక్కు తలుపు చప్పుడు ఎంతకీ రాలేదు, వేదిక మెట్టెక్కుతుండగా వచ్చింది.

వాడు వెనక తలుపులోంచి తల వంచుకుని వచ్చాడు. యాంప్లిఫయరు వెనక, జనానికి కనపడని చోట కుర్చీ వేసుకున్నాడు. మడమలు నేలకి తగలకుండా కాళ్ళు కుర్చీ కమ్మీ మీద పెట్టుకున్నాడు. నల్ల పెట్టెని ఒళ్ళోకి తీసుకుని, పొట్టకి ఆనించి, రెండు చేతులతో పట్టుకున్నాడు. కట్టు కట్టాక ఆ ఎడమ చెయ్యి వీపు వెనకనుంచి బయటికి రావడం నేను చూడటం అదే మొదలు.

"ఊఁ. కానీ," అన్నాడు.

రూబెన్ లెక్క పెట్టాడు. కాళ్ళు నేలని బాదాయి. పిడుగు పడలేదు. ఆ అదురంతా కుర్చీలోంచి వాడి ఒంట్లోకెళ్ళి అక్కడే ఆగిపోయింది. నా గిటార్ తడిగా, శుభ్రంగా బయటికొచ్చింది. బయటికెళ్ళినవాళ్ళు ఒకరిద్దరు తలుపులోంచి తొంగిచూశారు, తర్వాత అందరూ లోపలికొచ్చేశారు. ఆ పాటయ్యాక ఇంకోటి, అదయ్యాక ఇంకోటి. మధ్యలో ఒకసారి వెనక్కి చూస్తే, వాడు కళ్ళు మూసుకుని పెట్టె మీద గడ్డం ఆనించుకున్నాడు. నేను మీటే ప్రతి తీగా ముందు వాడి ఒళ్ళో మోగి, తర్వాతే జనం చెవిన పడుతోంది.

చివర్లో 'వించి'. అంతమంది కాళ్ళు లెక్క చూపిస్తుంటే తప్పడం కుదరదని అప్పుడు తెలిసింది. పిక్ నాలుగేసి మేకులు దిగేస్తూ పోయింది. పాట చివర వేలిని లావు తీగ మీద పైనుంచి కిందికి జార్చుకొచ్చి గట్టిగా ఒక్క మీటు మీటి ఆపెయ్యాలి. జార్చాను, మీటాను.

సరిగ్గా ఆ మీటు మీద పిడుగు పడింది.

పెట్టె జారి పడిందనుకుని తిరిగి చూశాను. పెట్టె వాడి ఒళ్ళోనే ఉంది. మారిన్ ఎడమ చెయ్యి పైకెత్తి ఉంది, ఉన్న మూడు వేళ్ళూ పిడికిలి బిగించి. నేను చూస్తుండగానే మళ్ళీ దాని మీద గుద్దాడు. హాలు కప్పు ఎగిరిపోతుందా అన్నట్టు మోగింది. జనం వెర్రెత్తిపోయి నేలని బాదారు, వాడు మళ్ళీ గుద్దాడు. ఈ పాట వాడు కట్టినప్పుడు అందులో ఈ చప్పుడు లేదు. ఆ రోజు తర్వాత అది లేకుండా 'వించి' ఎప్పుడూ వాయించలేదు.

దీపాలు వేశాక బార్బా షిమె బింగో బల్లలకి గుడ్డ కప్పేసి, వచ్చే వారం త్వరగా రమ్మని ముందే చెప్పి వెళ్ళిపోయాడు. మేం వైర్లు చుట్టుకుంటున్నాం. మారిన్ ఇంకా ఆ కుర్చీలోనే, ఒళ్ళో పెట్టెతో.

"చెయ్యి నొప్పెడుతోందా?" అని అడిగాను.

"చచ్చేట్టు."

"బాగా అయింది. వచ్చే శనివారం గంగాళం మర్చిపోకు. వల నేను కుక్కుతాలే."

వాడు పెట్టెని పొట్టకి ఇంకాస్త దగ్గరగా లాక్కున్నాడు.

"గంగాళం ఎందుకే?" అన్నాడు. "నేనుంటాగా."